8 ఆదివారాలు, ఇద్దరికీ కలిపి 3,000: ఓపెనింగ్స్ క్లాసు ఎలా ఉందంటే

తిరుపతి బైరాగిపట్టెడలో నాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగా ఓణీలు, జూన్ వస్తే స్కూలు యూనిఫాంలు. ఈమె చెస్ క్లాసు గురించి రాయడమేంటి అనుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఆట నాకు కొత్తేం కాదు. మా నాయన పుత్తూరులో అరుగు మీద పలకేసుకుని సాయంత్రాలు ఆడేవాడు. ఎదురు కూర్చునేవాళ్ళు దొరకని రోజు నన్ను కూర్చోబెట్టేవాడు. అదంతా పాత పద్ధతి. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదలాలి. క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును ఓ పక్కకి చేర్చడం) లేదు, దాని బదులు రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు, అదీ అప్పటిదాకా చెక్ తగలకుండా ఉంటేనే. బిషప్‌ని శకటు అనేవాళ్ళం. ఆ ఆటలో మొదటి పది ఎత్తులూ ఎవరి ఇల్లు వాళ్ళు సర్దుకోవడమే. ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల పద్ధతి) అనే మాట నేను విన్నది మా అమ్మాయి ఏడో తరగతికి వచ్చాక.

అమ్మాయి ఆన్‌లైన్‌లో 1150 రేటింగ్ దగ్గర ఆరు నెలలుగా ఆగిపోయింది. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ ఇంకా రాలేదు, అది 1400 దగ్గర మొదలవుతుంది కదా. అప్పుడే మా షాపుకి నాలుగు వీధుల అవతల ఒక మేడ మీద "మీ ఆటకు తగిన ఓపెనింగ్" అని బోర్డు కనిపించింది. 8 ఆదివారాలు, పొద్దున పది నుంచి పన్నెండున్నర వరకు. ఒకరికి 1,800, ఇద్దరైతే 3,000. పాపను దింపి రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చోవడం కంటే 1,200 ఇచ్చి నేనూ లోపల కూర్చోవడం మేలనిపించింది. క్లాసు పేరు, సార్ పేరు రాయడం లేదు. సారే వద్దన్నారు. పైగా ఇందులో తిట్లు కూడా కొన్ని ఉన్నాయి.

మొదటి ఆదివారం ఒక కాగితం చేతికిచ్చారు. 20 ప్రశ్నలు. ఎదుటివాళ్ళు బంటు ఊరికే ఇస్తే తీసుకుంటావా? క్వీన్లు మార్చుకోవడం ఇష్టమా, భయమా? గెలిచినా చప్పగా ఉండే ఆట కావాలా, ఓడినా మజా వచ్చే ఆట కావాలా? ఇలాంటివి. ఒక్కో జవాబుకి ఇన్ని మార్కులని, చివర్లో కూడిక. మా అమ్మాయికి "దూకుడు" అని తేలింది. నాకు "నిదానం".

రెండూ తప్పే. అది తెలియడానికి నాలుగు వారాలు పట్టింది.

అమ్మాయికి ఎందుకు అలా వచ్చిందో నాకు తెలుసు. ఆ నెలంతా అది ఫోన్లో మిఖాయిల్ తాల్ ఆటలు చూస్తోంది. 1960లో 23 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయినాయన, గుర్రాలూ బిషప్‌లూ నీళ్ళలా ఖర్చుపెట్టి రాజు మీద పడతాడు. అది చూసినాక ఏ పిల్లకైనా అలాగే ఆడాలనిపిస్తుంది. కాగితంలో నింపింది దాని ఆటను కాదు, దాని ముచ్చటను. నా షాపులో రోజూ చూసేదే ఇది. "నడుము 30 పెట్టండక్కా" అంటారు, టేపు వేస్తే 34 ఉంటుంది. చెప్పిన కొలతకి కుడితే మూడోరోజుకి జాకెట్టు వెనక్కి వస్తుంది, తప్పు మాత్రం నాదే అవుతుంది.

"దూకుడు" పిల్లలకు సార్ ఇచ్చినవి రెండు. తెల్లకి ఎవాన్స్ గాంబిట్, నల్లకి సిసిలియన్ డ్రాగన్. ఎవాన్స్ అంటే 1820ల్లో ఒక ఓడ కెప్టెన్ కనిపెట్టింది. ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో రెండు బిషప్‌లూ ఎదురెదురుగా వచ్చాక తెల్ల బి4 (బి అంటే నిలువు వరస, 4 అంటే అడ్డ వరస) అని ఒక బంటును ఊరికే పారేస్తుంది. నల్ల బిషప్ దాన్ని తింటే, సి3తో ఆ బిషప్‌ను తరిమి, డి4తో మధ్యలో దారి తెరుచుకుంటుంది. బంటు పోయినా రెండు మూడు ఎత్తుల సమయం చేతికొస్తుంది, ఆ సమయంలోనే రాజు మీద పడాలి. ఇది తాల్ లాంటివాడికి పండగ. మా అమ్మాయి మాత్రం బంటు ఇచ్చిన క్షణం నుంచీ ఆ బంటు గురించే బెంగపెట్టుకుని కూర్చుంది. అంగట్లో చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకునే పిల్ల అది. ఇచ్చిన బంటును తిరిగి తెచ్చుకోవడానికి దాడంతా వదిలేసేది. ఇంకెందుకు ఇవ్వడం?

డ్రాగన్ ఇంకా కష్టం. నల్ల జి6 తోసి బిషప్‌ను జి7లో కూర్చోబెడుతుంది, చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ తెల్లవాడు ఎఫ్3, క్వీన్ డి2 ఆడి, పొడుగు వైపు క్యాస్లింగ్ చేసి, హెచ్ బంటును పరిగెత్తించాడంటే అది పందెం. నల్ల అదే వేగంతో సి వరసలో దాడి చేయాలి, కొన్నిసార్లు సి3 గుర్రం కోసం ఏనుగునే ఇచ్చేయాలి. ఒక్క ఎత్తు ఆలస్యమైతే హెచ్ వరస తెరుచుకుని ఆట కట్టు. ఏడు ఆటల్లో ఐదు ఓడింది. ఓడినప్పుడల్లా "నాకు లైన్ గుర్తురాలేదమ్మా" అనేది. లైన్ అంటే బట్టీ పట్టిన ఎత్తుల వరస. పన్నెండేళ్ళ పిల్లకి ఆట అంటే ఎక్కాల పరీక్ష అయిపోయింది.

మూడో ఆదివారం ఇంటికి వస్తూ "చెస్ మానేస్తా" అంది. ఆ మాట సార్ చెవిన వేశాను. నిజం చెప్పాలంటే గొడవపడాలనే వెళ్ళాను. ఆయన కాసేపు గోడవైపు చూసి, "ఇద్దరూ చివరి 20 ఆటలు ప్రింట్ తీసుకురండమ్మా" అన్నారు. ఇద్దరూ అన్నారు గానీ, తర్వాత నావి చూడలేదు. ఆ సంగతి తర్వాత చెబుతా.

ఈ క్లాసులో డబ్బుకు తగ్గ పని జరిగింది ఆ నాలుగో ఆదివారమే. జెరాక్స్ షాపులో పేజీ రెండు రూపాయల చొప్పున ప్రింట్ తీసి తీసుకెళ్ళాం. సార్ ఎర్ర పెన్ను పట్టుకుని ప్రతి ఆటలో మూడే గుర్తులు పెట్టారు. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించింది, ఎక్కడ ఆట తిరిగింది, క్వీన్లు ఎప్పుడు బోర్డు దిగాయి. 20లో 9 గెలుపులు, 10 ఓటములు, ఒక డ్రా. పది ఓటముల్లో మొదటి డజను ఎత్తుల్లోనే చెడిపోయినవి మూడే. మిగతా ఏడూ మధ్యలో గుర్రాన్నో బిషప్‌నో ఊరికే వదిలేసినవి. అంటే ఏ ఓపెనింగ్ నేర్పించినా ఆ ఏడూ ఓడేదే. అది వినడానికి చేదుగా ఉంది, కానీ అది విన్నాకే నాకు సార్ మీద నమ్మకం కుదిరింది. ఓపెనింగ్ క్లాసు పెట్టినాయన "మీ సమస్య ఓపెనింగ్ కాదు" అనడం మా వీధిలో మామూలు విషయం కాదు.

తొమ్మిది గెలుపుల్లో ఆరు క్వీన్లు మారిపోయాక వచ్చినవి. నాలుగైదు బంట్లు, ఒక ఏనుగు, ఖాళీ బోర్డు. అక్కడ మా అమ్మాయి ఓపిగ్గా ఒక్కో బంటునూ నడిపించి గెలుస్తుంది. ఇంట్లో బియ్యం ఏరేటప్పుడు కూడా అంతే, ఒక్క రాయి వదలదు. నాకు ముందే తట్టాల్సింది.

"దూకుడు" చీటీ చింపేసి సార్ కొత్తవి రాశారు. నల్లతో ఈ4కి కారోకాన్, తెల్లతో క్వీన్స్ గాంబిట్ ఎక్స్‌చేంజ్. అమ్మాయి మొహం మాడిపోయింది. కారోకాన్ అంటే ముసలోళ్ళ ఓపెనింగట, వాళ్ళ స్కూల్లో అంటారట. అప్పుడు సార్ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. 1960లో అప్పటి ఛాంపియన్ బోట్వినిక్ మీద తాల్ గెలిచాడు. మరుసటి ఏడే తిరిగి ఆడి బోట్వినిక్ పట్టం వెనక్కి తెచ్చుకున్నాడు. తాల్ ఈ4కి ఆయన నమ్ముకున్నది ఈ కారోకాన్‌నే. "నీ హీరోని దించినాయన ఆడింది ఇదేనమ్మా." అంతే, పిల్ల కుర్చీ ముందుకు జరుపుకుంది.

దాంతోపాటు 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్ పోటీ కూడా చూపించారు. కాస్పరోవ్ దాడికి దిగితే ఆపలేమని క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్ తెచ్చాడు. ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు బోర్డు దిగిపోతాయి. నల్ల రాజుకి క్యాస్లింగ్ పోతుంది, అయినా పర్వాలేదు. ఆ మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేదు, 8½–6½తో పట్టం పోయింది. ఎదుటివాడికి ఇష్టమైన గదిలోకి మనం ఎందుకెళ్ళాలి అన్నారు సార్. సరైన పద్ధతంటే ఇదే కదా. ఆనంద్ కూడా ఏళ్ళ తరబడి ఎక్కువగా ఈ4తో మొదలుపెట్టి, 2008లో బాన్‌లో అదే క్రామ్నిక్ మీదికి డి4 తీసుకుని వెళ్ళాడు.

కారోకాన్ గురించి నాకు అర్థమైనంత చెబుతా. నల్ల మొదట సి6, తర్వాత డి5. ఫ్రెంచ్ అనే ఓపెనింగ్‌లో అయితే ఈ6 ముందే తోస్తారు కాబట్టి సి8లో ఉన్న బిషప్ తలుపు మూసుకుని లోపలే ఉండిపోతుంది. కారోకాన్‌లో ముందు ఆ బిషప్‌ను ఎఫ్5కి బయటికి పంపి, ఆ తర్వాతే ఈ6. గడప దాటాక తలుపు వేసుకోవడం. ఒక్క జాగ్రత్త ఉంది: బిషప్ జి6కి వెనక్కి వచ్చాక తెల్ల హెచ్4 తోస్తే వెంటనే హెచ్6 ఆడాలి. మర్చిపోతే హెచ్5తో బిషప్ చిక్కుకుపోతుంది. మా అమ్మాయి ఒకసారి మర్చిపోయింది, ఆ రోజు మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు.

అసలు సొగసు ఇంకొకటి. చాలామంది పిల్లలు కారోకాన్‌కి భయపడి నాలుగో ఎత్తులోగానే బంట్లు మార్చేస్తారు. అప్పుడు వచ్చే బంట్ల వరస, తెల్లతో క్వీన్స్ గాంబిట్ ఎక్స్‌చేంజ్‌లో వచ్చే వరస, రెండూ ఒకటే, అద్దంలో చూసినట్టు రంగు మాత్రం మారుతుంది. తెల్లతో ఆడేటప్పుడు బి బంటును బి4, బి5 దాకా నడిపి సి6 దగ్గర కొట్టుకుంటే నల్లకి అక్కడ బలహీనమైన బంటు మిగులుతుంది. దాని మీద ఏనుగులు ఎక్కుపెట్టొచ్చు. నల్లతో ఆడితే అదే పని బి5, బి4 అని కిందికి, సి3 దగ్గర. ఇద్దరు బంట్లు వెళ్ళి ముగ్గురిని చెడగొట్టడం. ఒక ప్లాన్ నేర్చుకుంటే రెండు రంగులకీ పనికొస్తుంది. ఒకే పేపర్ కటింగ్‌తో రెండు జాకెట్లు. ఓపెనింగ్ ఎంచుకోవడమంటే మొదటి పది ఎత్తులు ఎంచుకోవడం అని నేను అనుకునేదాన్ని. పదిహేనో ఎత్తు దగ్గర ఏ పొజిషన్లో కూర్చుంటే మన బుర్ర పనిచేస్తుందో, దాన్ని ఎంచుకోవడమని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా సంగతి. నాకు మొదటి వారమే "మీకు లండన్ సిస్టమ్ చాలమ్మా" అని తేల్చేశారు. నా ఆటలు ఒక్కటీ చూడకుండా. 41 ఏళ్ళ ఆడమనిషి, పిల్లకి తోడుగా వచ్చింది, ఏదో ఒకటి ఇచ్చి కూర్చోబెడదామని. నాకు ఒళ్ళు మండింది, అయినా ఆడాను. డి4, బిషప్ ఎఫ్4, ఈ3, సి3, గుర్రం ఎఫ్3, బిషప్ డి3. నల్ల ఏం చేసినా ఇంచుమించు ఇవే. పెళ్ళిళ్ళ నెలల్లో రాత్రి పది దాకా మిషన్ దగ్గరే ఉంటాను, లైన్లు బట్టీ పట్టే ఓపిక నాకు లేదు. ఆ లెక్కన లండన్ నా టైముకి సరిపోయింది. మొదట్లో మాత్రం మూడుసార్లు ఒకే గుంటలో పడ్డాను. సి1లో ఉన్నంతసేపూ ఆ బిషప్పే బి2 బంటుకు కాపలా. అది ఎఫ్4కి వెళ్ళిపోగానే నల్ల సి5 తోసి క్వీన్‌ను బి6కి తెచ్చి బి2 మీద కన్నేస్తుంది. క్వీన్ బి3తో ఎదురు నిలబడాలని నాలుగోసారికి గానీ రాలేదు.

ఐదో ఆదివారం నేనే నా 20 ఆటల కట్ట సార్ టేబుల్ మీద పెట్టాను. "ఎర్ర పెన్ను నాకూ పెట్టండి సార్" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆయన చూస్తూ చూస్తూ ఆగిపోయి, "మీరు లండన్‌తో కూడా మీద పడుతున్నారే అమ్మా" అన్నారు. నా 8 గెలుపుల్లో ఆరు రాజు మీద దాడితో వచ్చినవి, రెండింట్లో హెచ్7 దగ్గర బిషప్‌ను ఇచ్చేశాను. "నిదానం" అని చీటీలో రాసినదాన్ని నేను! నాయన నేర్పిన ఆటలో క్యాస్లింగ్ లేకపోవడం వల్ల రాజు ఎప్పుడూ మధ్యలోనే దొరికేవాడు, దాడి చేయడం అప్పటి నుంచీ చేతికి అలవాటైందేమో. సార్ లండన్ మార్చలేదు, గుర్రాన్ని ఈ5లో పాతి హెచ్ బంటును ముందుకు తోయడం నేర్పారు. నల్లకి స్కాండినేవియన్ ఇచ్చారు, ఈ4కి మొదటి ఎత్తులోనే డి5. ఇక్కడ కూడా చదవాల్సింది తక్కువే. షాపు మూసినాక రాత్రిళ్ళు మాత్రం ఎవరికీ చెప్పకుండా కింగ్స్ గాంబిట్ ఆడుకుంటాను, అదీ బంటు ఇచ్చి మీద పడేదే. దానికి సార్ అనుమతి లేదు.

తిట్లకు వస్తే, అన్నిటికంటే పెద్దది ఇదే: మొదటి వారం చేయాల్సింది నాలుగో వారం చేశారు. ప్రశ్నల కాగితం దండగ. ఈ వయసు పిల్లలు తాము ఎలా ఆడుతున్నారో చెప్పలేరు, ఎలా ఆడాలనుకుంటున్నారో చెబుతారు. నేనూ అంతే. మా 20 ఆటలు ముందే చూసి ఉంటే మూడు ఆదివారాలు, పదిహేను ఓటములు, ఒక ఏడుపు మిగిలేవి.

రెండోది, 350 పెట్టి ఒక స్పైరల్ పుస్తకం కొనమన్నారు. జెరాక్స్ కాపీ, అందులో రెండు బొమ్మలు తలకిందులు, తెల్ల పైనుంచి కిందికి ఆడుతోంది. అందులో ఉన్నదంతా లిచెస్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఒక ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన సైటు అది, యాడ్స్ ఉండవు, డబ్బులు అడగదు. ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో పెద్ద ఆటగాళ్ళ ఆటలు ఒకవైపు, మామూలు జనం ఆటలు ఇంకోవైపు. మామూలు జనంలో కూడా రేటింగ్ ఎంచుకోవచ్చు. మీ సొంత ఆటలు పెట్టి మీరు ఏ ఎత్తు దగ్గర ఎక్కువ ఓడుతున్నారో చూసుకోవచ్చు. గ్రాండ్‌మాస్టర్లు ఆడే ఎనిమిదో ఎత్తు మా అమ్మాయికి ఎదురయ్యేదే లేదు, దానికి ఎదురయ్యేది రెండో ఎత్తుకే క్వీన్‌ను బయటికి తెచ్చే పిల్లలు. ఈ సైటు గురించి సార్ ఒక్క మాట చెప్పలేదు. ఎందుకో మీరే ఊహించుకోండి.

మిగతావి చిన్నవి. బ్రహ్మోత్సవాల వారం క్లాసు లేదన్నారు, సరే, ఆ ట్రాఫిక్‌లో ఎవరూ రాలేరు. కానీ ఆ క్లాసు తర్వాత పెట్టలేదు, లెక్కకి 8 అన్నా మాకు దక్కింది 7. తాగే నీళ్ళు లేవు. కింద బండి పెట్టుకునే చోటు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలూ పదహారేళ్ళ వాళ్ళూ ఒకే గదిలో.

క్లాసు అయ్యాక చిత్తూరులో ఒక స్కూలు హాల్లో జరిగిన టోర్నమెంటుకి వెళ్ళాం. పొద్దున ఆరు గంటల బస్సు, దారిలో పాపకి టెన్షన్, నాకు వాంతి వచ్చినట్టుంది. అంతకుముందు ఇలాంటి దాంట్లో ఏడు ఆటలకి రెండున్నర పాయింట్లు తెచ్చుకుంది. ఈసారి నాలుగు. ఐదో రౌండులో కారోకాన్, ఎదుటి అబ్బాయి మూడో ఎత్తుకే బంట్లు మార్చేశాడు. గాజు తలుపు బయట నిలబడి చూస్తుంటే బి బంటు మెల్లగా దిగడం కనిపించింది. బి5. చాలాసేపటికి బి4. సి3 దగ్గర బలహీనమైన బంటు. దాని మీద ఒక ఏనుగు, వెనకాల ఇంకో ఏనుగు. నలభై ఎత్తులు దాటాక ఆ బంటు పోయింది, ఇంకో ఇరవైకి ఆట. బయటికి వచ్చి మొదట అడిగింది "బొరుగులు తెచ్చావా" అని. ఓడిన మూడు ఆటల్లో రెండు షరా మామూలే, గుర్రాన్ని ఊరికే వదిలేసింది. దానికి క్లాసు వేరే కావాలి.

పదికి ఏడు ఇస్తాను. సార్‌కి ఆట తెలుసు, ఎర్ర పెన్నుతో కూర్చుంటే ఇంకా బాగా తెలుసు. వచ్చే బ్యాచ్‌కి ఫీజు 2,200 అంటున్నారు. చేరేవాళ్ళు డబ్బు కట్టేముందే "మొదటి రోజే మా ఆటలు చూస్తారా" అని అడగండి, 20 ఆటలు ప్రింట్ తీసి చేతిలో పెట్టుకునే వెళ్ళండి. స్పైరల్ పుస్తకం వద్దనండి. నీళ్ళ బాటిల్ మీరే తీసుకెళ్ళండి. కిటికీ పక్క కుర్చీ దొరికితే వదలొద్దు, ఫ్యాన్ గాలి రెండో వరస దాటి రాదు.